లిమరిక్ ముట్టడులు: గోడకు పడిన గండి కన్నా నది అవతలి గట్టే ముఖ్యం

అడిగింది ఇది: 1690లో ఇంగ్లండ్ రాజు మూడో విలియం స్వయంగా పాతిక వేల సైన్యంతో వచ్చి కూడా ఐర్లండ్‌లోని లిమరిక్ నగరాన్ని పట్టలేకపోయాడు, ఏడాది తిరిగేసరికి అతని సేనాని ఖింకెల్ అదే ఊరిని లొంగదీసుకున్నాడు. ఈ తేడా ఎందుకు వచ్చింది? ఇప్పుడు ఆ ఊరు వెళ్తే ఏవి చూడాలి?

సూటిగా చెప్పాలంటే, విలియం నదికి ఒక గట్టునే ఉండిపోయాడు, ఖింకెల్ రెండో గట్టుకు దాటాడు. మిగతా కారణాలన్నీ, అంటే ఐరిష్ గుర్రపు దళ నాయకుడు సార్స్‌ఫీల్డ్ సాహసం, వాన, మందుగుండు కొరత, ఐరిష్ పక్షానికి అండగా వచ్చిన ఫ్రెంచి వాళ్ళ ఊగిసలాట, దీని చుట్టూ తిరిగేవే. ఇది ఒప్పుకోవాలంటే ముందు ఊరి పటం మనసులో ఉండాలి. పటం చూడకుండా లిమరిక్ యుద్ధాలు చదివితే పేర్లు, తేదీలు తప్ప ఏమీ మిగలవు.

ఐర్లండ్‌లో అన్నిటికన్నా పొడవైన నది షానన్. లిమరిక్ దగ్గరికి వచ్చేసరికి దాన్నుంచి ఒక పాయ తూర్పుకు చీలి, చుట్టు తిరిగి మళ్ళీ అందులోనే కలుస్తుంది. ఆ పాయ పేరు ఆబీ నది. రెండింటి మధ్య మిగిలిన లంక పేరు కింగ్స్ ఐలండ్. లంక దక్షిణ భాగంలో, రాతి గోడల లోపల ఇంగ్లిష్‌టౌన్ ఉంది. దాని పడమటి అంచున, నీళ్ళ మీదకి ఒరిగినట్టు కింగ్ జాన్ కోట. ఆబీ నదికి దక్షిణాన మెట్ట మీద ఐరిష్‌టౌన్, దానికి వేరే గోడ. ఈ రెండు ఊళ్ళనీ కలిపేది బాల్స్ వంతెన. కోట పక్క నుంచి షానన్ మీదుగా అవతలికి, అంటే క్లేర్ జిల్లాలోకి వెళ్ళేది థోమండ్ వంతెన.

డబ్లిన్ నుంచో వాటర్‌ఫర్డ్ నుంచో వచ్చే శత్రువు తూర్పు, ఆగ్నేయ దిక్కుల నుంచి వస్తాడు. అతనికి ముందుగా ఎదురయ్యేది ఐరిష్‌టౌన్ గోడ. ఫిరంగులకు గట్టి నేల దొరికేదీ అక్కడే. కాబట్టి అందరూ అక్కడే కందకాలు తవ్వడం మొదలుపెడతారు. ఊరికి ధాన్యం, పశువులు, గుర్రాలకు మేత, కొత్త సైనికులు మాత్రం వెనక నుంచి, క్లేర్ వైపు నుంచి థోమండ్ వంతెన మీదుగా వస్తూనే ఉంటాయి. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం దాన్ని ముట్టడి అనడం కూడా పూర్తిగా సరి కాదు, ఒక వైపు నుంచి దాడి అంతే. దారి మూయాలంటే సైన్యాన్ని రెండుగా చీల్చి సగాన్ని నది దాటించాలి. చీల్చాక ఒక సగం మీద దెబ్బ పడితే రెండో సగం వచ్చి ఆదుకోవడానికి మధ్యలో పడవల వంతెన తప్ప దారి లేదు. సేనానులు వెనకాడేది అందుకే.

దీనికి తోడు కాలం. షానన్ లిమరిక్ దాకా సముద్రపు ఆటుపోట్లకు లొంగిన నది, లంక చాలా భాగం పల్లం. సెప్టెంబర్ ముదిరాక వానలకు కందకాలు నిండిపోతాయి, బరువైన ఫిరంగుల బళ్ళు బురదలో కూరుకుపోతాయి, విడిదిలో జ్వరాలు, రక్త విరేచనాలు మొదలవుతాయి. ముట్టడి వేసేవాడికి నికరంగా దొరికేది మూడు నాలుగు నెలలు. లోపలివాడు ఆ గడువు దాటించగలిగితే చాలు, సగం గెలిచినట్టే.

పాత చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 922లో వైకింగులు ఇక్కడ రేవు కట్టి స్థిరపడ్డారు. 967 ప్రాంతంలో సుల్‌కోయిడ్ దగ్గర ఐరిష్ రాజు మాహన్, అతని తమ్ముడు బ్రియాన్ బోరూ వాళ్ళని ఓడించి ఊరిని కొల్లగొట్టారు. 1175లో రేమండ్ ల గ్రో అనే నార్మన్ దొర నదిలో రేవు దాటు కనిపెట్టి, గుర్రాల మీద దాటి ఊరిని పట్టాడు. మరుసటి ఏడే వదిలి వెళ్ళాల్సి వచ్చింది. నార్మన్లు నిలదొక్కుకున్నది ఇక్కడి ఐరిష్ రాజు డోనల్ మోర్ ఓబ్రియన్ 1194లో చనిపోయాకే. ఇప్పుడు కనిపించే రాతి కోట ఆ తర్వాత, 1200 మొదలు కట్టింది.

1642 మాత్రం కాస్త ఆగి చూడాల్సినది. అప్పటి ముట్టడి ఊరి మీద కాదు, ఊరి మధ్యలో ఉన్న కోట మీద. ఐరిష్ కాథలిక్కుల 1641 తిరుగుబాటు తర్వాత చుట్టుపక్కల ప్రొటెస్టెంట్లు వందల సంఖ్యలో కోటలోకి వచ్చి తలదాచుకున్నారు. కోట అధిపతి జార్జ్ కోర్ట్‌నీ. ఊరి జనం తలుపులు తెరిచి గారెట్ బారీ నాయకత్వంలోని ఐరిష్ కాథలిక్ సైన్యాన్ని లోపలికి రానిచ్చారు. వాళ్ళ దగ్గర గోడ పగలగొట్టేంత ఫిరంగులు లేవు. అందుకని మూడు పనులు చేశారు. సముద్రం నుంచి ఓడల్లో సాయం రాకుండా చెట్టు మానులను ఇనుప గొలుసులతో కలిపి నదికి అడ్డంగా కట్టారు. సెయింట్ మేరీ కాథెడ్రల్ గోపురం ఎక్కి కోట లోపలికి తుపాకులతో కాల్చారు. మూడోది, అసలైనది, సొరంగాలు.

అప్పటి సొరంగం అంటే మందు కూరి పేల్చేదే అనుకోనక్కర్లేదు. పద్ధతి ఇలా ఉంటుంది. గోడకు దగ్గరలో ఉన్న ఇంట్లో, కోటలోని వాళ్ళకు కనపడకుండా నిలువు గొయ్యి దించుతారు. అక్కణ్ణుంచి గోడ వైపు అడ్డంగా తవ్వుకుంటూ పోతారు, మట్టి కూలకుండా రెండు పక్కలా కలప నిట్రాళ్ళు, పైన దూలాలు. పునాది కిందికి చేరాక దాని కింద మట్టిని కొంచెం కొంచెంగా తీసి, తీసిన చోటల్లా నిట్రాడు పెడతారు. చివరికి గోడ బరువంతా కలప మీద నిలబడి ఉంటుంది. అప్పుడు ఎండు కట్టెలు కూరి నిప్పు పెట్టి బయటికి వచ్చేస్తారు. నిట్రాళ్ళు కాలిపోగానే గోడ కుంగి చీలుతుంది. ఇందులో పాడయ్యేవి రెండు. తవ్వే చప్పుడు లోపలివాళ్ళకు వినపడితే వాళ్ళు ఎదురు సొరంగం తవ్వి మధ్యలో కలుసుకుంటారు, ఇరుకులో కత్తులతో కొట్లాట జరుగుతుంది. రెండోది నీరు. నది పక్క నేలలో కొంచెం లోతు దిగితే ఊట. లిమరిక్‌లో ఈ రెండూ ఎదురయ్యాయి, అయినా బారీ మనుషులు ఒకదాని తర్వాత ఒకటి తవ్వుతూనే పోయారు. తూర్పు వైపు గోడ దెబ్బతిన్నాక జూన్ చివర్లో కోర్ట్‌నీ లొంగిపోయాడు. అప్పటికే లోపల జబ్బులతో చాలామంది పోయారు. 1990ల తవ్వకాల్లో ఆ సొరంగాలు, ఎదురు సొరంగాలు, వాటి కలపతో సహా బయటపడ్డాయి. 17వ శతాబ్దపు ముట్టడి పని అసలు చోటులోనే కళ్ళతో చూడగలగడం చాలా అరుదైన అవకాశం.

ఇక 1651. ఇంగ్లండ్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ అంతకుముందు శరత్తులో ఒకసారి వచ్చి, కాలం మించిపోయిందని వెనక్కి తిరిగాడు. రెండోసారి ఆలస్యం చేయలేదు. జూన్ మొదట్లోనే ఊరికి ఎగువన షానన్ దాటి క్లేర్ గట్టు చేజిక్కించుకున్నాడు. 8,000 మంది, 28 పెద్ద ఫిరంగులు, 4 మోర్టార్లు అతని బలం. లోపల సుమారు 2,000 మంది సైనికులతో హ్యూ డువ్ ఓనీల్, అంతకుముందు ఏడాదే క్లాన్‌మెల్‌లో క్రామ్‌వెల్‌ని దెబ్బతీసిన మనిషి. ఐర్టన్ పడవల్లో లంక మీద దాడి చేయించాడు, దిగిన వాళ్ళు తిరిగి రాలేదు. దాంతో మళ్ళీ దాడి జోలికి పోలేదు. ఊరి చుట్టూ మట్టి కోటలు కట్టించి, రెండు గట్టులా దారులు మూసేసి, ఆకలికి వదిలేశాడు. బయటికి వచ్చిన జనాన్ని కొట్టి లోపలికి తోలారు, కొందరిని ఉరి తీశారు. లోపల తెగులు పట్టింది. చివరికి గోడకు గండి పడిన రోజుల్లోనే కల్నల్ ఫెన్నెల్, అతని మనుషులు ఓనీల్ మాట కాదని సెయింట్ జాన్స్ గేటు స్వాధీనం చేసుకుని, ఫిరంగులు ఊరి వైపే తిప్పారు. అక్టోబర్ 27న లొంగుబాటు. ఊళ్ళో సుమారు 5,000 మంది, ఐర్టన్ దండులో 2,000 మందికి పైగా పోయారని సాధారణంగా చెప్పే అంచనా. ఎమ్లీ బిషప్ టెరెన్స్ ఆల్బర్ట్ ఓబ్రియన్‌ను ఉరి తీశారు. ఓనీల్ ప్రాణాలతో బయటపడ్డాడు. ఐర్టన్ నెల తిరగకుండా, నవంబర్ 26న, తను గెలిచిన ఊళ్ళోనే జ్వరంతో చనిపోయాడు. రెండు గట్టులూ మూసినా అయిదు నెలలు పట్టిందంటే లిమరిక్ గట్టిదనం అర్థమవుతుంది.

ఈ నేపథ్యంలో 1690 చూడండి. ఇంగ్లండ్ గద్దెను విలియంకు పోగొట్టుకున్న కాథలిక్ రాజు రెండో జేమ్స్, ఫ్రాన్స్ అండతో ఐర్లండ్‌లో పోరాడి బోయిన్ నది దగ్గర ఓడిపోయాక, ఫ్రాన్స్ పారిపోయాడు, అతని సైన్యం లిమరిక్ చేరింది. ఫ్రెంచి సేనాని లోజన్ ఆ గోడలు చూసి ఇవి నిలవవని తేల్చేసి తన దళాలతో గాల్వే వెళ్ళిపోయాడు. గోడల విషయంలో అతను తప్పనలేం, అవి పాతకాలపు ఎత్తు గోడలే. నది సంగతే అతను లెక్కలోకి తీసుకోలేదు. ఊరి రక్షణ ఇంకో ఫ్రెంచి అధికారి బ్వాసెలో చేతిలో పడింది. కాల్బలం 14,000 పైచిలుకు ఊళ్ళో, గుర్రపు దళం సుమారు 2,500 క్లేర్ గట్టున. ఆ గుర్రపు దళం నాయకుడు పాట్రిక్ సార్స్‌ఫీల్డ్.

విలియం ఆగస్టు రెండో వారంలో వచ్చాడు. పెద్ద ఫిరంగులు ఇంకా వెనక దారిలో ఉన్నాయి. సార్స్‌ఫీల్డ్ 500 నుంచి 600 గుర్రాలతో క్లేర్ వైపు నుంచే బయల్దేరి, కాపలా ఉన్న కిలలూ వంతెన వదిలేసి దానికి ఎగువన నది దాటి, హోగన్ అనే స్థానికుడు దారి చూపగా సిల్వర్‌మైన్ కొండల్లో పగలంతా దాక్కుని, రాత్రి బాలినీటీ దగ్గర విడిది చేసిన ఫిరంగుల బళ్ళ మీద పడ్డాడు. విలియం ఎదురు పంపిన లానియర్ దళం బయల్దేరడమే ఆలస్యం చేసింది. ఫిరంగులు మోసుకుపోయే వీలు లేదు, ఊరికే వదిలితే మర్నాడు మళ్ళీ పనికొస్తాయి. అందుకని గొట్టాల నిండా మందు కూరి, మూతులు నేలలో పాతి, మిగిలిన మందు పీపాలు చుట్టూ పేర్చి, దూరం నుంచి మందు గీతకు నిప్పు పెట్టారు. మూతి మూసుకుపోయిన గొట్టం లోపలి ఒత్తిడికి తనంతట తనే పగులుతుంది. అలా కొన్ని ఫిరంగులు పనికిరాకుండా పోయాయి.

చాలామంది ఇక్కడితో ఆపి సార్స్‌ఫీల్డ్ లిమరిక్‌ని కాపాడాడంటారు. అతని ధైర్యానికి వంక పెట్టేది లేదు. కానీ విలియం వాటర్‌ఫర్డ్ నుంచి వేరే ఫిరంగులు తెప్పించుకున్నాడు, గోడకు గండీ కొట్టాడు. దాడి ఆపింది ఫిరంగుల కొరత కాదు. సార్స్‌ఫీల్డ్ సంపాదించి పెట్టింది రోజులు. ఆగస్టులో పోయిన ఒక్కో రోజు సెప్టెంబర్ వానను దగ్గరికి తెచ్చింది. ఆ రోజుల్లో బ్వాసెలో ఏం చేశాడన్నది నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం. గండి ఎక్కడ పడుతుందో ముందే అంచనా వేసి, దాని వెనక ఊరి లోపల ఇంకో అడ్డుకట్ట కట్టించి, అక్కడ చిన్న ఫిరంగులు గండి వైపు గురిపెట్టి ఉంచాడు. ఆగస్టు 27 మధ్యాహ్నం దాడి మొదలైంది. ముందు వరస గ్రెనేడియర్లు, అంటే చేతి బాంబులు విసిరే సైనికులు, బయటి కందకం దాటి, పారిపోయేవాళ్ళ వెంటపడి గండిలోంచి లోపలికి దూకారు. లోపల ఎదురుగా రెండో కట్ట, దాని మీంచి రవ్వగుండ్లు. వెనక రావాల్సిన పటాలాలకు కందకం దగ్గర ఆగమని ఉత్తర్వు, కాబట్టి లోపలికి పోయినవాళ్ళు ఒంటరి అయ్యారు. ఊరి ఆడవాళ్ళు కూడా రాళ్ళు, సీసాలు విసురుతూ పోరాడారు. బ్లాక్ బ్యాటరీ అనే బురుజు దగ్గర మందుగుండు పేలి విలియం సైన్యంలోని బ్రాండెన్‌బర్గ్ పటాలం వాళ్ళు ఎందరో ఎగిరిపోయారు. మూడు గంటల్లో విలియం పక్షాన చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 2,000 దాటారు. మందు తరిగిపోయింది, వాన పట్టుకుంది. నెలాఖరుకు ముట్టడి ఎత్తేశారు. ఇన్నాళ్ళూ థోమండ్ వంతెన మీద రాకపోకలు నడుస్తూనే ఉన్నాయి.

1691లో పరిస్థితి వేరు. జూలై 12న ఆక్రిమ్‌లో ఫ్రెంచి సేనాని సాన్ రూత్ ఫిరంగి గుండుకు తల తెగి పడిపోయాడు, ఐరిష్ సైన్యం నలిగిపోయింది. కొద్ది రోజుల్లో గాల్వే లొంగింది. రాజప్రతినిధి టిర్‌కానెల్ ఆగస్టు 14న లిమరిక్‌లోనే కన్నుమూశాడు. ఆగస్టు 25న ఖింకెల్ ముట్టడి మొదలుపెట్టి, ఈసారి గురి ఇంగ్లిష్‌టౌన్ మీద పెట్టాడు. తూర్పు నుంచి ఆబీ నది మీదుగా కొట్టి గోడలో పెద్ద గండి తెరిచాడు. ఆ గండిలోంచి దాడికి మాత్రం దిగలేదు, ఏడాది కిందటి పాఠం మరచిపోలేదు. సెప్టెంబర్ 15 రాత్రి ఊరికి ఎగువన పడవల వంతెన వేయించి క్లేర్ గట్టుకు దాటాడు. అక్కడ కాపలా ఉన్న క్లిఫర్డ్ అడ్డుకోలేదు, అతను అమ్ముడుపోయాడా అన్న మాట అప్పుడే లేచింది.

వారం తర్వాత, 22న, ఖింకెల్ పెద్ద బలగంతో మళ్ళీ దాటి థోమండ్ వంతెన అవతలి కొసన ఉన్న మట్టి కట్టల మీద పడ్డాడు. వాటిని కాస్తున్న ఐరిష్ దళం వెనక్కి తగ్గి వంతెన మీదకి వచ్చింది. గేటు దగ్గరున్న ఫ్రెంచి అధికారి శత్రువు కూడా వాళ్ళతో పాటే దూసుకొస్తాడని భయపడి ఎత్తు వంతెన లేపేశాడు. బయట చిక్కుకున్న వందల మంది వంతెన మీద నరుకుడుకు, నదిలో మునకకు బలయ్యారు. గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి, తిండీ ఉంది. అయినా మర్నాడే సంధి మాటలు మొదలయ్యాయి, ఎందుకంటే అవతలి గట్టు పోయింది, ఐరిష్ ఫ్రెంచి వాళ్ళ మధ్య నమ్మకమూ పోయింది. అక్టోబర్ 3న సంతకాలు. ఫ్రాన్స్ నుంచి సాయం ఓడలు షానన్ ముఖద్వారానికి ఆ తర్వాత చేరాయి.

ఒప్పందంలో రెండు భాగాలు, సైనిక షరతులు 29, పౌర షరతులు 13. సైనిక భాగం దాదాపు మాట ప్రకారం జరిగింది. ఫ్రాన్స్ వెళ్తామన్న వాళ్ళకు ఒక్కొక్కటి 200 టన్నుల ఓడలు 50 ఇస్తామన్నారు. సార్స్‌ఫీల్డ్‌తో కలిపి సుమారు 14,000 మంది సైనికులు, వేల మంది ఆడవాళ్ళు, పిల్లలు దేశం వదిలారు. పౌర భాగంలో కాథలిక్కుల ఆస్తికి, ఆరాధనకు ఇచ్చిన హామీలు అలా నిలవలేదు. సైన్యం రక్షణలో ఉన్న జిల్లాల జనానికి కూడా హామీ వర్తిస్తుందన్న వాక్యం శుద్ధ ప్రతిలో రాయకుండా పోయింది. విలియం దాన్ని తిరిగి చేర్పించాడు, అయినా 1697లో ఐరిష్ పార్లమెంటు ఆ వాక్యం తీసేసే ఒప్పందాన్ని ఆమోదించింది. కాథలిక్కులను అణిచే చట్టాలు 1695 నుంచే మొదలయ్యాయి. లిమరిక్ వాళ్ళకు ఓటమి కన్నా ఈ మాట తప్పడమే ఎక్కువ గుర్తు.

తెలుగువాళ్ళకు ఇక్కడ నిజమైన ముడి ఒకటి ఉంది. లిమరిక్ తర్వాత ఫ్రాన్స్ చేరిన వాళ్ళలో జెరార్డ్ లాలీ ఒకడు. అతని కొడుకే 1758లో పుదుచ్చేరిలో దిగిన ఫ్రెంచి సేనాని కౌంట్ లాలీ. బొబ్బిలి యుద్ధం నాటి బుస్సీని నిజాం దగ్గర నుంచి వెనక్కి పిలిపించింది అతనే. బుస్సీ లేని ఉత్తర సర్కారుల్లో ఆ డిసెంబర్‌లోనే చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్ళు ఓడారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోయింది. 1760 జనవరిలో వందవాసిలో లాలీని ఓడించిన ఇంగ్లిష్ సేనాని ఐర్ కూట్ పుట్టింది లిమరిక్ జిల్లాలో. అదే నేల నుంచి వెళ్ళిన రెండు పక్షాలు ఇక్కడ తలపడ్డాయి.

చివరి పోరు 1922 జూలైలో, బ్రిటన్‌తో 1921లో కుదిరిన ఒప్పందం మీద ఐరిష్ వాళ్ళలోనే వచ్చిన అంతర్యుద్ధంలో. ఊళ్ళోని సైనిక నివాసాలు ఆ ఒప్పందం వ్యతిరేకుల చేతిలో, మిగతా భవనాలు దాన్ని ఒప్పుకున్న కొత్త ఐరిష్ ప్రభుత్వం, అంటే ఫ్రీ స్టేట్, సైన్యం చేతిలో. ఫ్రీ స్టేట్ సేనాని ఓడఫీ తెచ్చిన 18 పౌండర్ ఫిరంగితో క్లేర్ గట్టున ఉన్న స్ట్రాండ్ బారక్స్‌ని కొట్టి 20వ తేదీన లొంగదీశారు. మర్నాడు మిగతా వాళ్ళు తమ నివాసాలు తగలబెట్టి వెళ్ళిపోయారు.

వెళ్ళినప్పుడు కోటతో మొదలుపెట్టండి, నేల కింది భాగంలో 1642 సొరంగాలు వదలకండి. పక్కనే సెయింట్ మేరీ కాథెడ్రల్, 1168లో స్థాపించింది. తర్వాత థోమండ్ వంతెన దాటండి. ఇప్పుడున్నది 1840లో పూర్తయింది, కాబట్టి ఎత్తు వంతెన కోసం వెతక్కండి, కాకపోతే దారి అదే. అవతలి కొసన పీఠం మీద ఒప్పందం రాయి, 1691 సంతకాలు దాని మీదే జరిగాయని చెప్పుకుంటారు. అక్కడ నిలబడి కోట వైపు చూస్తే 1691 సెప్టెంబర్ 22న ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. 1690 దాడి జరిగిన చోటు మాత్రం పర్యాటకులు వెళ్ళని వైపు, ఐరిష్‌టౌన్‌లో సెయింట్ జాన్స్ ఆసుపత్రి పరిసరాల్లో. 1760 తర్వాత గోడలు చాలావరకు కూల్చేశారు, మిగిలిన ముక్కలు అక్కడ దొరుకుతాయి.

చదివేటప్పుడు తేదీలతో జాగ్రత్త. ఆ రోజుల్లో ఇంగ్లిష్ వాళ్ళది పాత పంచాంగం, ఫ్రెంచి వాళ్ళది కొత్తది, తేడా పది రోజులు. ఇక్కడ 17వ శతాబ్దపు తేదీలన్నీ పాత లెక్కలో ఇచ్చాను. ఫ్రెంచి అధికారి ఉత్తరంలో 1690 దాడి సెప్టెంబర్ 6న జరిగిందని కనిపిస్తే అది ఇంకో దాడి కాదు, ఆగస్టు 27దే.